ఫీజు సంగతి తర్వాత, ముందు రాజీనామా ఖరీదు చూడండి

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. పాడేరు దగ్గర ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. సర్వీసు తొమ్మిదేళ్లు, చేతికి 92 వేలు వస్తాయి. మావారికి విశాఖలో ప్రైవేటు ఉద్యోగం, 60 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 31 వేలు. ఒక పాప. అమ్మకు షుగర్, బీపీ. ఆమె పేరు నా ఈహెచ్‌ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డులోనే ఉంది. సీపీఎస్ పెన్షన్ ఖాతాలో 16 లక్షల దాకా ఉన్నాయి. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పైకి ఎదగాలని ఉంది. రెండేళ్ల ఫుల్‌టైమ్ కోర్సుకు హాస్టల్‌తో కలిపి 12 లక్షలవుతుంది. రాజీనామా చేసి, లోన్ తీసుకుని చదవనా?

జవాబు: డాక్టర్ గారూ, మీరు 12 లక్షలు అన్నారు. నా లెక్కలో అది 34 లక్షలు. రెండేళ్లు జీతం ఆగితే పోయేది 22 లక్షలు, దాన్ని ఫీజుకు కలపండి.

ఇక నెల ఖర్చు. 12 లక్షల ఎడ్యుకేషన్ లోన్‌కు పది శాతం వడ్డీ అనుకుందాం. చదువుతున్నప్పుడే వడ్డీ కట్టేస్తూ పోతే నెలకు పదివేలు. మీవారి 60 వేలలో ఇంటి ఈఎంఐ 31 వేలు, ఈ పది వేలు పోను మిగిలేది 19 వేలు. విశాఖలో పాప స్కూలు ఫీజు, సరుకులు, అమ్మ మందులు, కరెంటు బిల్లు అన్నీ అందులోనే. కోర్సయ్యాక ఏడేళ్ల పాటు ఈఎంఐ దాదాపు 19,900. ఈ లోన్ వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటారు. అది పాత పన్ను విధానంలో ఉంటేనే. అయినా జీతమే లేని రెండేళ్లలో మీకు మినహాయింపు దేనికి?

కాగితం మీద కనపడని నష్టాలు ఇంకా ఉన్నాయి. మామూలుగా రాజీనామా చేస్తే పాత సర్వీసు పోయినట్టే, దాంతో పాటు గ్రాట్యుటీ కూడా. సీపీఎస్ సొమ్ము ఎక్కడికీ పోదు కానీ, మధ్యలో ఖాతా మూసేస్తే 80 శాతంతో యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే పాలసీ) కొనాల్సిందే. ఆ 16 లక్షలు ఫీజుకు అక్కరకొస్తాయని లెక్కేసుకుంటే దయచేసి కొట్టేయండి. ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబరు అదే ఉంచుకుని కొనసాగించండి.

నాకు ఎక్కువ భయం ఈహెచ్‌ఎస్ గురించే. నా దగ్గరికి వచ్చే ఒక డాక్టరు ఇలాగే ఉద్యోగం మానేశారు. మూడు నెలలు తిరక్కుండా వాళ్ల నాన్నకు స్టెంట్ వేయాల్సి వచ్చింది. కార్డు లేదు, కొత్త పాలసీలో పాత జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ నడుస్తోంది. చెల్లెలి పెళ్లికని దాచిన ఎఫ్‌డీ విరిచారు. పాత జబ్బులకు ఈ వెయిటింగ్ మూడేళ్ల దాకా ఉండొచ్చు. కాబట్టి మీరు ఏ నిర్ణయం తీసుకున్నా అమ్మ పేరు మీద పాలసీ ఇప్పుడే తీసుకోండి, షుగరూ బీపీ దాచకుండా రాయించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకు జీఎస్‌టీ కూడా లేదు.

అలాగని మీ కోరికకు అడ్డుపడను. డిగ్రీ చేతికి రాగానే సీఈఓ కుర్చీ వేసి ఎవరూ పిలవరు. క్వాలిటీ, ఆపరేషన్స్ విభాగాల్లో మధ్యస్థాయి ఉద్యోగంతోనే మొదలు. నిజానికి సగం పని మీరు ఇప్పటికే చేస్తున్నారు. గిరిజన ప్రాంతంలో పీహెచ్‌సీ అంటే 20 వేల మంది జనం. ఏఎన్‌ఎంలు, ఆశాలు, మందుల ఇండెంట్లు, డెవలప్‌మెంట్ సొసైటీ నిధుల లెక్క, ఎన్‌క్వాస్ (ఆస్పత్రి నాణ్యతా ప్రమాణాల) తనిఖీ. ఇవన్నీ మీ బయోడేటాలో ఒక్క లైనులో 'మెడికల్ ఆఫీసర్' అని రాసి ఊరుకుంటే ఎలా? ఉస్మానియాలో చదివి, ఎయిమ్స్‌లో గుండె వైద్యుడిగా పనిచేసిన కె. శ్రీనాథ్ రెడ్డి గారు 2006లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ పగ్గాలు పట్టింది ఎంబీఏ చేసి కాదు.

నేనైతే ఇలా వెళ్తాను. ముందు శాఖ అనుమతి తీసుకుని, ఉద్యోగం చేస్తూనే చదవగలిగే ఎగ్జిక్యూటివ్ కోర్సు చూడండి. దానికి రెండు లక్షలు అనుకున్నా, నెలకు 15 వేలు ఆర్‌డీ వేస్తే ఏడాదిలో చాలావరకు చేతికొస్తుంది, లోన్ ఊసే ఉండదు. కాదు, ఫుల్‌టైమే చదవాలంటే స్టడీ లీవు అడగండి. తిరిగొచ్చి పనిచేస్తానని బాండు రాయిస్తారు, అయినా రాజీనామా కంటే చవక. చదువయ్యాక జాతీయ ఆరోగ్య మిషన్‌లోనో, వైద్య సేవ ట్రస్టులోనో డెప్యుటేషన్ దొరుకుతుందేమో ప్రయత్నించండి. అలా వెళ్తే లీన్ (పాత పోస్టు మీద హక్కు) ఉంటుంది, నచ్చకపోతే పాత కుర్చీకి రావచ్చు. ప్రైవేటు హాస్పిటల్ నుంచి మీ చేతికి వచ్చే జీతం 1.3 లక్షలు దాటిందని రాతపూర్వకంగా ఆఫర్ వచ్చినప్పుడు, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉన్నప్పుడు, అప్పుడు రాజీనామా గురించి మాట్లాడదాం.

రెండు విషయాలు మీ ఉత్తరంలో లేవు. టర్మ్ పాలసీ ఉందా? ఇంటి లోన్ ఇంకా ఎంత ఉంది? ఈ రెండూ రాసి, తాజా ప్రాన్ స్టేట్‌మెంటు కూడా జతచేసి పంపండి. పాప చదువుకు ఎంత పక్కన పెట్టాలో అప్పుడు చెప్తాను.