లా చదవకుండా కంప్లయన్స్ ఉద్యోగంలో చేరవచ్చా?

ప్రశ్న: నేను ఎంబీఏ చేశాను. చాలా ఏళ్లుగా అకౌంట్స్‌లో, ఇంటర్నల్ ఆడిట్‌లో పనిచేస్తున్నాను. మాది లిస్టెడ్ కంపెనీ. ఇప్పుడు నాకు ఎథిక్స్ అండ్ కంప్లయన్స్ మేనేజర్ పోస్టు ఇస్తామంటున్నారు. లా డిగ్రీ లేకుండా అందులో చేరడం చట్టవిరుద్ధమేమోనని మావారి టెన్షన్. రేపు కంపెనీ మీద కేసు పడితే నన్నూ ఇరికిస్తారా? పైగా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీకి కూడా నన్నే అధ్యక్షురాలిగా ఉండమంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: చట్టవిరుద్ధం కాదు. అడ్వకేట్ల చట్టం, 1961 ప్రకారం లా ప్రాక్టీసు చేసే హక్కు అడ్వకేట్లకే ఉంది. కోర్టులో వాదించడమే కాదు, క్లయింట్లకు ఒపీనియన్లు ఇవ్వడం కూడా ప్రాక్టీసు కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 2018లో ఎ.కె. బాలాజీ కేసులో చెప్పింది. మీరు చేయబోయేది మీ కంపెనీలో నిబంధనలు అమలవుతున్నాయో లేదో చూసే పని. దానికి నల్లకోటు అక్కర్లేదు.

హోదా పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ లిస్టింగ్ నిబంధనల (2015) కింద 'కంప్లయన్స్ ఆఫీసర్'గా క్వాలిఫైడ్ కంపెనీ సెక్రటరీనే (ఆ కోర్సు పాసైనవారినే) పెట్టాలి. ఆ కుర్చీ మీకు రాదు. మాటవరసకు చెబుతున్నాను, లాయరునైన నాకూ రాదు. అదే ఇన్‌సైడర్ ట్రేడింగ్ (కంపెనీ లోపలి రహస్య సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) నిబంధనల్లోని కంప్లయన్స్ ఆఫీసర్‌కైతే సీనియారిటీ, ఆర్థిక లెక్కలు చదవగలగడం, నిబంధనలు అర్థం చేసుకోగలగడం ఉంటే చాలు. బ్యాంకుల చీఫ్ కంప్లయన్స్ ఆఫీసర్ గురించి 2020లో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ఆడిట్, ఫైనాన్స్ అనుభవాన్ని లీగల్ అనుభవం సరసనే పెట్టింది.

నిజానికి ఈ పనిలో సగం మా లాయర్ల కంటికి ఆనదు. ఒక కన్సల్టెంట్ 'లయజనింగ్ ఛార్జీలు', అంటే ఆఫీసుల చుట్టూ తిరిగి పని చేయించినందుకు రుసుము, అని బిల్లు పెట్టాడనుకోండి. రౌండ్ ఫిగర్. ఏం పని చేశాడో ఒక్క కాగితమూ లేదు. బిల్లుకు రెండు రోజుల ముందే కంపెనీకి రావాల్సిన లైసెన్సు వచ్చేసింది. నేనైతే అగ్రిమెంటు తెరిచి క్లాజులు చదువుతాను. మీరు వోచర్ తిరగేసి, ఈ డబ్బు చివరికి ఎవరి చేతికి పోయిందని అడుగుతారు. అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్‌లో 3.8 బిలియన్ డాలర్ల లెక్కల మాయను 2002లో బయటికి లాగిన సింథియా కూపర్ కూడా లాయరు కాదు, ఇంటర్నల్ ఆడిట్ అధిపతి.

ఇక ఇరికించడం సంగతి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం, కంపెనీ తరఫున ఎవరైనా లంచం ఇస్తే కంపెనీ కూడా ముద్దాయే. తగిన నివారణ ఏర్పాట్లు ఉన్నాయని నిరూపించుకుంటే బయటపడుతుంది. ఆ ఏర్పాట్లు చూసేది మీరే. అధికారుల విషయానికొస్తే, సమ్మతితోనో కుమ్మక్కుతోనో జరిగిందని రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఊరికే ఆ సీట్లో ఉన్నందుకు శిక్ష పడదు. కానీ తెలిసీ నోరు మెదపకపోతే కుమ్మక్కయ్యారని వాదించడానికి చోటిచ్చినట్టే. అభ్యంతరం నోటిమాటతో సరిపెట్టకండి. అదే రోజు ఈమెయిల్ పెట్టండి.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. క్లయింటు తన అడ్వకేటుకు చెప్పుకున్న మాటకు సాక్ష్య చట్టం రక్షణ ఉంటుంది. ఉద్యోగి మీకు చెప్పుకున్నదానికి అది ఉండదు, కోర్టు అడిగితే చెప్పాల్సిందే. కాబట్టి 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకండి.

వేధింపుల కమిటీ అధ్యక్షురాలికీ 2013 చట్టం లా డిగ్రీ అడగదు. సీనియర్ హోదాలో ఉన్న మహిళా ఉద్యోగి అయితే చాలు. అయితే కంప్లయన్స్‌లోకి ఆడవాళ్లు రాగానే 'ఎలాగూ మీరే కదా' అంటూ ఈ బాధ్యతా తగిలించడం కంపెనీలకు అలవాటైపోయింది. ఇది నాకు నచ్చదు. అది విచారణ జరిపే కమిటీ, సాక్షులను పిలిపించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలు దానికీ ఉంటాయి. తీరిక వేళల్లో తెమిలే పని కాదు. ఒప్పుకుంటే ఆ పనిగంటలు మీ అప్రైజల్లో లెక్కకు రావాలని ముందే రాయించుకోండి. ఆ ఫిర్యాదుల వివరాలు చట్టం ప్రకారం గోప్యం. మీ నెలవారీ ఎథిక్స్ రిపోర్టులోకి పేర్లు జారకుండా చూసుకోండి.

నన్నడిగితే మీరు భయపడాల్సింది డిగ్రీ గురించి కాదు, అపాయింట్‌మెంట్ లెటర్ గురించి. మీరు ఎవరికి రిపోర్టు చేయాలని రాశారు? సేల్స్ హెడ్‌కైతే ఒప్పుకోకండి. కంపెనీల చట్టం 177వ సెక్షన్ తగిన సందర్భాల్లో ఫిర్యాదు చేసేవారికే ఆడిట్ కమిటీ ఛైర్మన్‌ను నేరుగా కలిసే వీలు ఇస్తోంది. ఆ ఫిర్యాదులు చూసే మీకు ఆ దారి లేకపోతే ఎలా? అనుమానం వచ్చిన పేమెంటు ఆపే అధికారం, అవసరమైతే బయటి లాయరును సంప్రదించే వీలు లెటర్‌లో ఉండాలి. డైరెక్టర్లు, అధికారుల కోసం కంపెనీ తీసుకున్న బీమా మీ హోదాకు వర్తిస్తుందా అనీ అడగండి. 'ఉంది లెండి' అంటే సరిపోదు, పాలసీ కాపీ చూపించమనండి.