ఆడటం మానేసిన టెడ్డీలను ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. చిన్నప్పటి టెడ్డీ బేర్లు, కుందేళ్లు, ఏనుగులు రెండు పెద్ద సంచుల నిండా ఉన్నాయి. వాటితో ఆడటం ఎప్పుడో మానేసింది. కానీ ఎవరికైనా ఇచ్చేద్దామంటే ముఖం ముడుచుకుంటుంది. పారేయడానికి నాకూ మనసొప్పట్లేదు. వాటిని ఇంకెలాగైనా వాడుకోవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఒక మాట చెప్పనివ్వండి. తను స్కూల్లో ఉన్నప్పుడు ఆ సంచులు మాయం చేయకండి. ఆడకపోయినా అవి తనవే. అన్నీ నేల మీద పరిచి తననే ఏరుకోమనండి. నేను చూసినంతవరకు పిల్లలకు నిజంగా ప్రాణమైనవి రెండో మూడో ఉంటాయి. మిగతావన్నీ ఎవరెవరో ఇస్తే పోగుపడ్డవే. ప్రాణమైనవాటి జోలికి కత్తెర వెళ్లకూడదు. చెవి ఊడిపోయినా సరే, వాటిని అలాగే ఉండనివ్వండి.

ఇక మిగతావి. ఏదీ కోయడం ఇష్టం లేకపోతే మందపాటి బట్టతో పెద్ద గుండ్రటి కవరు కుట్టి, జిప్పు పెట్టి, బొమ్మలన్నీ అందులో కుక్కేయండి. కూర్చోవడానికి చక్కటి బీన్‌బ్యాగ్ తయారవుతుంది. గట్టి ముక్కులున్నవి మధ్యలోకి తోయండి, లేకపోతే గుచ్చుకుంటాయి. పాటలు పాడే బొమ్మలుంటే బ్యాటరీలు తీసేయడం మర్చిపోవద్దు.

నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం టెడ్డీని సంచీగా మార్చడం. వీపు మీద బొచ్చు పక్కకు తోసి చూడండి. చాలా బొమ్మలకు అక్కడ ఒక చేతికుట్టు ఉంటుంది, మిగతా కుట్లకంటే ఎడంగా, కాస్త వంకరగా. దూది కూరాక మూసిన చోటు అదే. చిన్న కత్తెరతో అక్కడే విప్పండి, ఇంకెక్కడా కోయక్కర్లేదు. దూదంతా తీసి, తోలును తిరగేసి ఉతికి ఆరబెట్టండి. పొట్టలో పాత దిండు గలీబు ముక్కతో అస్తరు వేసి, విప్పిన చోట జిప్పు కుట్టండి. జిప్పుకి రెండు పక్కలా ఒక సెంటీమీటరు మేర బొచ్చు కత్తిరించాలి. ఈ పని మానేస్తే జిప్పు లాగిన ప్రతిసారీ బొచ్చు ఇరుక్కుని విసుగొస్తుంది. నైట్ డ్రెస్సో, ఛార్జర్లో అందులో దాచుకోవచ్చు. కుట్టు మీ అమ్మాయినే వేయనివ్వండి. వంకర కుట్లన్నీ బొచ్చు కప్పేస్తుంది కాబట్టి నేర్చుకునేవాళ్లకు ఇది భలే అనువైన బట్ట.

తీసిన దూది చాలావరకు పాలియెస్టరే. దాన్ని గలీబులో వేసి మూతి కట్టి ఉతకండి. బాగా ఆరాక చేత్తో పీచులు పీచులుగా విడదీస్తే మళ్లీ ఉబ్బుతుంది, చిన్న దిండ్లకు సరిపోతుంది. లోపల పసుపుపచ్చగా మారి పొడిపొడిగా రాలే ఫోమ్ కనిపిస్తే మాత్రం పారేయండి.

ఎవరికైనా ఇవ్వడానికి తను ఒప్పుకుంటే ముందు ఉతకాలి. 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే దుమ్ము పురుగులు చస్తాయి. అంత వేడి తట్టుకోవని లేబుల్ మీద ఉంటే కవర్లో కట్టి ఫ్రీజర్లో ఒక రోజుంచి, తర్వాత మామూలు నీళ్లలో ఉతకండి. ఫ్రీజర్‌తోనే సరిపెట్టకండి, చచ్చిన పురుగుల అవశేషాలతోనూ అలర్జీ వస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకైతే ఊడొచ్చే కళ్లు, గుండీలు ఉన్నవి అసలివ్వద్దు. ఏడాది నిండని పాపాయి పడుకునే చోట ఏ మెత్తటి బొమ్మా ఉండకూడదు, ఎంత శుభ్రంగా ఉన్నా సరే. ఇన్ఫెక్షన్ భయంతో చాలా ఆసుపత్రులు వాడిన బొమ్మలు తీసుకోవు. వీధికుక్కలను చేరదీసే షెల్టర్లను అడిగి చూడండి, తల్లి దగ్గర లేని కుక్కపిల్లలు మెత్తటి బొమ్మను ఆనుకుని పడుకుంటాయి. అక్కడికి పంపేవాటికి కళ్లు, ముక్కు, రిబ్బన్లు కత్తిరించేయండి. కాళ్లలో ప్లాస్టిక్ పూసలున్నవి పంపకండి, కుక్కపిల్లలు కొరికి మింగేస్తాయి.