కణాలు అంటుకుంటాయా, పట్టుకుంటాయా?

సందేహం: కణాలను కలిపి ఉంచే ప్రోటీన్ల గురించి, క్యాన్సర్ కణాల కదలికలో వాటి పాత్ర గురించి ఒక వ్యాసం తెలుగులో రాస్తున్నాను. ‘అంటుకునే ప్రోటీన్ల వల్ల క్యాన్సర్ కణాలు వలస పోతాయి’ అని రాశాను. ‘ఆసంజన ప్రోటీన్లు’ అనాలని ఒక మిత్రుడు, ‘జిగురు ప్రోటీన్లు’ చాలని ఇంకొకరు. ఏది సరైనది?

సమాధానం: ‘అంటుకునే’లో వ్యాకరణ దోషం లేదు. కానీ పక్కనే క్యాన్సర్ ఉంది. అంటుకోవడం అనగానే మనకు తట్టేది అంటువ్యాధి. క్యాన్సర్ రోగిని ముట్టుకోవడానికి జంకేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీ వాక్యం ఆ అపోహకు ఊతమివ్వకూడదు.

‘ఆసంజనం’ పాఠ్యపుస్తకాల మాట. భౌతికశాస్త్రంలో వేర్వేరు పదార్థాల అణువుల మధ్య ఆకర్షణ ఆసంజనం, ఒకే పదార్థపు అణువుల మధ్యది సంసంజనం. వాడదలిస్తే మొదటి అక్షరానికి దీర్ఘం మరవకండి. ‘అసంజనం’ అంటే అతుక్కోకపోవడం అని అర్థం తిరగబడుతుంది. ఆసక్తి, ప్రసక్తి కూడా ఈ ధాతువు నుంచి పుట్టినవే. అయినా మామూలు పాఠకుడు ఈ మాట దగ్గర తడబడతాడు.

‘జిగురు’ తేలిక మాటే. చిక్కేమిటంటే, జిగురు పట్టిందంటే ఇక వదలకూడదు. ఈ ప్రోటీన్ల పని పట్టడమూ, వదలడమూ కూడా. వీటిలో ముఖ్యమైన రెండు రకాలను చూస్తే మీకే తెలుస్తుంది.

ఇ-క్యాడ్‌హెరిన్ పక్కపక్క కణాలను కాల్షియం సాయంతో కలిపి ఉంచుతుంది. కణం లోపల ఇది కెటెనిన్లు అనే ప్రోటీన్ల ద్వారా, కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులకు ముడిపడి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌లో లోబ్యులర్ అనే రకం ఉంది. అందులో చాలావరకు ఈ ప్రోటీన్ లోపిస్తుంది. మైక్రోస్కోప్ కింద ఆ కణాలు జట్టుగా ఉండవు, విడివిడిగా ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి కనిపిస్తాయి. అంటే ఇక్కడ కణాలు చెదిరింది పట్టు తప్పడం వల్ల.

ఇంటిగ్రిన్ల దారి వేరు. ఇవి కణాన్ని దాని చుట్టూ ఉండే కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్ల అల్లికకు కలుపుతాయి. పాకే కణం ముందువైపు ఇంటిగ్రిన్లతో కొత్త పట్టు దొరకబుచ్చుకుంటుంది, లోపలి ఆక్టిన్, దాన్ని లాగే మయోసిన్ అనే ప్రోటీన్‌ల బలంతో ఒళ్లు ముందుకు లాక్కుంటుంది, వెనకవైపు పట్టు వదులుతుంది. పట్టు మరీ బిగిస్తే కదల్లేదు, మరీ వదులైతే ముందుకు లాక్కోవడానికి ఆధారం ఉండదు. మన ‘పట్టూ విడుపూ’ దీనికి అచ్చంగా సరిపోతుంది.

కాబట్టి మీ వాక్యంలో అసలు దోషం ‘వల్ల’. ఒకచోట ప్రోటీన్ లేకపోవడం కదలికకు తోడ్పడుతుంది, మరోచోట ఉండటమే తోడ్పడుతుంది. పైగా కొన్ని క్యాన్సర్లలో కణాలు ఇ-క్యాడ్‌హెరిన్‌ను వదులుకోకుండానే గుంపుగా చొచ్చుకుపోతాయి. ఇన్ని సంగతులను ఒక్క ‘వల్ల’ మోయలేదు. ఇలా రాసి చూడండి: ‘తమలో తమకున్న పట్టు సడలినప్పుడో, చుట్టూ ఉన్న పదార్థంపై పట్టు మారినప్పుడో క్యాన్సర్ కణాలు చోటు విడిచి కదలగలవు.’

‘వలస’ బాగుంది, ఉంచండి. దాన్ని ‘వ్యాప్తి’తో మాత్రం కలపొద్దు. కణం చోటు మారడం వలస. అది రక్తంలోకో లింఫ్‌లోకో చేరి, మరో అవయవంలో స్థిరపడి పెరిగితే వ్యాప్తి. వలస వెళ్లిన ప్రతి కణమూ అంతదాకా రాదు.

ఒక్క జాగ్రత్త. టెంప్ట్ అయి ‘పట్టు ప్రోటీన్లు’ అని సమాసం చేసేయకండి. పట్టుపురుగు దారం కూడా ప్రోటీనే, పాఠకుడు చీరల దాకా వెళ్లిపోతాడు. ‘పట్టునిచ్చే ప్రోటీన్లు’ అనండి. క్యాడ్‌హెరిన్, ఇంటిగ్రిన్ పేర్లను మాత్రం అనువదించకుండా అలాగే రాయండి.