ట్రైకోడెర్మా ప్యాకెట్ మీద పేరు మారితే మందు మారినట్టేనా?

"పోయినేడు పసుపుకి ట్రైకోడెర్మా విరిడి వేశాను, ఈసారి షాపులో అస్పెరెల్లమ్ అని ఉన్న ప్యాకెట్ ఇచ్చి రెండూ ఒకటే అంటున్నారు, నమ్మొచ్చా?" అని అడిగారు. ట్రైకోడెర్మా అంటే పంటకి కుళ్ళు తెచ్చే శిలీంధ్రాల్ని అణచడానికి వేసే మేలుచేసే బూజు. శాస్త్రం లెక్కన విరిడి, అస్పెరెల్లమ్ అందులో రెండు వేరు జాతులు. కానీ పోయినేడు మీరు వేసింది కూడా అస్పెరెల్లమే అయి ఉండొచ్చు. ఈ పేర్ల గొడవలో నేనూ ఒకసారి బోర్లాపడ్డాను కాబట్టి చెబుతున్నా.

ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు పసుపు దుంపకుళ్ళు మీద. జగిత్యాల వైపు చేలల్లో మట్టి తెచ్చి ప్లేట్లలో పెంచితే మూడో రోజుకి తెల్లగా దూది పరిచినట్టు వచ్చి, ఆ తర్వాత వలయాలు వలయాలుగా పచ్చబడేది. మూత తీస్తే కొబ్బరి వాసన. ఇంకేముంది, రికార్డులో ధైర్యంగా విరిడి అని రాసేశాను. మా గైడు గారు మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి "బొడిపెలు ఏవి, చూపించు" అన్నారు. అసలైన విరిడి సిద్ధబీజాలు (బూజుకి విత్తనాల్లాంటివి) కాకరకాయలా బొడిపెలతో ఉంటాయి. నావేమో చూడటానికి నున్నగా ఉన్నాయి, బాగా దగ్గరగా చూస్తే సన్నటి గరుకు ఉందా లేదా అన్నట్టు. డీఎన్‌ఏ పరీక్షకి పంపితే అస్పెరెల్లమ్ అని వచ్చింది. థీసిస్ అంతా పేరు మార్చి మళ్ళీ ప్రింట్ తీయించాను. ఆ జిరాక్స్ షాపు బిల్లు ఇప్పటికీ గుర్తే.

పొరబడింది నేనొక్కడినే కాదు లెండి. ట్రైకోడెర్మా అనే ఈ ప్రజాతికి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) 1794లో పెర్సూన్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. అప్పుడు ఆయన ఇందులో చేర్చిన నాలుగు జాతుల్లో ఈరోజు మిగిలింది విరిడి ఒక్కటే. ఆ తర్వాత చాలాకాలం పచ్చగా కనిపించిందల్లా విరిడే. 1939లో బిస్బీ అనే శాస్త్రవేత్త అయితే ప్రజాతి మొత్తాన్నీ ఒకే జాతి కింద కట్టేశాడు. ఇండోనేషియా శాస్త్రవేత్త రిఫాయ్ 1969లో దాన్ని తొమ్మిది గుంపులుగా విడదీశాడు. మన షాపుల్లో దొరికే హర్జియానమ్ పేరు అప్పటిదే. అస్పెరెల్లమ్‌ని వేరు జాతిగా గుర్తించింది 1999లో. అంటే అంతకుముందు విరిడి అని రాసుకున్న వాటిలో ఎన్నో నిజానికి ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడ్డల్ని తినేసిన బూజుని కూడా మొదట విరిడి అనే అన్నారు. 1977లో గానీ దానికి రీసై అన్న పేరు రాలేదు.

ఇది చాలదన్నట్టు, లైంగిక దశలో కనిపించే రూపానికి హైపోక్రియా అని ఇంకో పేరు ఉండేది. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు అన్నమాట. 2011లో మెల్‌బోర్న్‌లో వృక్షశాస్త్రవేత్తలు ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అని తీర్మానించాక ట్రైకోడెర్మాకే ఓటు పడింది. పాతదీ అదే, అందరి నోటా ఉన్నదీ అదే. హైపోక్రియా నిలబడి ఉంటే ఈపాటికి షాపుల్లో ఇంకెంత గందరగోళం అయ్యేదో!

ఇక ప్యాకెట్ సంగతి. పేరు కన్నా తయారీ తేదీ, గడువు తేదీ, గ్రాముకి ఎన్ని బతికున్న సిద్ధబీజాలు ఉన్నాయో చూడండి (విరిడి పొడికి కనీసం 20 లక్షలు ఉండాలి). ఒకే జాతిలో కూడా ఒక స్ట్రెయిన్ (ఉపరకం) పనిచేసినట్టు ఇంకోటి పనిచేయదు. నాకు ఒక ఎండాకాలం రేకుల షెడ్డులో నిల్వ ఉంచిన ప్యాకెట్ అంటగట్టారు, పేరు మాత్రం భేషుగ్గా ఉంది. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో ఆ పొడి 2 కిలోలు కలిపి, బెల్లం నీళ్ళు చల్లి, నీడలో గోనె పట్టాలు కప్పాను. పది రోజులకి పట్టా ఎత్తితే పేడ వాసన తప్ప ఇంకేం లేదు. బాగా బతికున్నదైతే వారం, పది రోజుల్లో కుప్ప మీద తెల్లటి, పచ్చటి బూజు కళ్ళకి కనపడుతుంది. మీరూ ముందు అలా చూసుకుని, ఆ తర్వాతే చేనుకి వేయండి.

అన్నట్టు, మీ దగ్గర్లో ఎవరైనా పుట్టగొడుగులు పెంచుతుంటే ఆ కుప్ప వాళ్ళ షెడ్డుకి దూరంగా వేయండి. వాళ్ళకి ట్రైకోడెర్మా అంటే పచ్చబూజు తెగులు, గొడవకొస్తారు.