థార్ ఎడారికి వెళ్తున్న మేనకోడలికి

విజయనగరం

చిరంజీవి శైలజకు మావయ్య ఆశీస్సులు.

చిన్న చిమ్మటల పరిశీలనకు నువ్వు జైసల్మేరు వెళ్తున్నావనీ, ఈ యేడు సిరిమానోత్సవానికి కూడా రావనీ మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు గర్వంగానూ, గుబులుగానూ ఉంది.

అటవీశాఖ అనుమతి ముందే తీసుకో. వెన్నెల్లో దీపానికి వచ్చే పురుగులు తగ్గుతాయి కనుక అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులు ఎంచుకో. అక్కడివారు ఖేజ్రీ అనేది మన దసరా జమ్మిచెట్టే; దాని ఆకుల్లో గొంగళిపురుగులను కూడా వెతుకు. ఇసుకరంగు చిమ్మటలు చాలావరకు రెక్కలను బట్టి ఒకదానికొకటి తేడా తెలియవు, జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప జాతి తేలదు. అలాంటప్పుడు అవి తిన్న మొక్క ఏదో తెలియడం మంచి ఆధారం. జోధ్‌పూర్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థ వారి ఎడారి ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడి పెద్దలను కలువు.

ఇక పట్టిన ప్రతి పురుగుకూ వివరాలు రాసి జతచేసే చీటీల సంగతి. 1986లో నేను సాలూరు ఘాట్‌లో (అప్పుడది మన జిల్లాయే) మూడు రాత్రులు, తిరుగు దారిలో పార్వతీపురంలో ఒక రాత్రి పురుగులు పట్టి, చీటీలు ఇంటికి వెళ్లాక రాసుకోవచ్చునని నా జ్ఞాపకశక్తిని నమ్ముకున్నాను. ఇంటికి రాగానే జ్వరం తగిలింది. పది రోజుల తర్వాత పెట్టె తెరిస్తే, బియ్యపుగింజంత బూడిదరంగు చిమ్మట ఒకటి ఘాట్‌లో దొరికిందో, పార్వతీపురం సత్రం దీపం దగ్గర దొరికిందో ఎంతకీ గుర్తు రాలేదు. తెలియదని రాయడానికి నామోషీ అనిపించి, ‘సాలూరు ఘాట్’ అని రాసేశాను. ఆ చీటీని నమ్మి నా శిష్యుడొకడు రెండు వానాకాలాలు జలగలు కరిపించుకుంటూ ఆ ఘాట్‌లో దానికోసం వెతికాడు. వాడు ఉత్తచేతులతో వచ్చి నిలబడినప్పుడు కూడా నిజం చెప్పలేకపోయాను.

నువ్వు పదోతరగతి పరీక్షకు హాల్‌టికెట్టు మరిచిపోతే సైకిలు మీద తెచ్చిచ్చినవాణ్ణి నేను, అందుకే ఇంతగా చెబుతున్నాను. పురుగును సీసాలో వేసిన మరుక్షణమే చోటు, తేదీ, వేళ రాయి. స్పిరిట్టు తగిలితే బాల్‌పెన్ను రాత చెరిగిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది.

దీపానికి పురుగులు వస్తే, పురుగుల కోసం తేళ్లు వస్తాయి. పురుగులు వాలడానికి దీపం దగ్గర వేసిన తెల్లదుప్పటి ఎత్తేముందు కింద టార్చి వేసి చూడు, బూట్లు దులిపి వేసుకో, ఒంటరిగా మాత్రం కూర్చోకు తల్లీ.

ఈ ఉత్తరంతో ఆరు పెన్సిళ్లు పంపుతున్నాను. బ్లేడు నువ్వెలాగూ మరిచిపోతావు కనుక రెండు వైపులా చెక్కే పంపుతున్నాను.

నీ మావయ్య