మేనకోడలికి: గేజీ ముల్లు ఎటు కదిలిందో చూశాకే గది దాటు

విజయనగరం

చి. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

పైడిభీమవరం వైపు ఓ మందుల కంపెనీలో పని దొరికిందని, వచ్చే వారం నుంచి గదుల్లో న్యూమాటిక్ థర్మోస్టాట్లు, అంటే గాలి ఒత్తిడితో నడుస్తూ గది వేడిని అదుపులో పెట్టేవి, బిగించడం నీకే అప్పగిస్తున్నారని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. మన ఇళ్లల్లో నా తర్వాత స్పానర్ పట్టింది నువ్వే. ఆ సంతోషం ఓపక్క, నిచ్చెన మీద నువ్వొక్కదానివే ఉన్నట్టు కళ్లముందు కనబడి టెన్షన్ ఓపక్క. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

"కరెంటు లేని థర్మోస్టాట్లు ఇంకా ఎందుకే అమ్మా" అన్నావట. అలా అనకు. ఇట్టే అంటుకునే సాల్వెంట్ ద్రవాల ఆవిరి తిరిగే గదిలో ఒక్క నిప్పురవ్వ చాలు కొంప మునగడానికి. గాలితో నడిచే పరికరంలో ఆ రవ్వ పుట్టదు. అమెరికాలో ఒకప్పుడు పాఠాలు చెప్పిన వారెన్ జాన్సన్ అనే మేష్టారు 1895లోనే ఈ గాలి పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని పాతదని చిన్నచూపు చూడకు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. నేలకు ఐదడుగుల ఎత్తున, ఎండ పడని, ఏసీ గాలి నేరుగా తగలని లోపలి గోడకు బిగించు. గోడలోంచి గాలి ట్యూబు వచ్చే కన్నం మూసెయ్, లేకపోతే గోడ లోపలి గాలి తగిలి తప్పు లెక్క చూపిస్తుంది. కంప్రెసర్ నుంచి వచ్చే మెయిన్ గాలి ఒత్తిడి 18 నుంచి 20 పీఎస్ఐ ఉండాలి. మెయిన్ ట్యూబు థర్మోస్టాట్ మీద ఎం అని ఉన్నచోట, వాల్వుకి వెళ్లేది బి అని ఉన్నచోట తగిలించు.

నీళ్ల గురించి మాత్రం గట్టిగానే చెబుతా. మనది సముద్రానికి దగ్గరి ప్రాంతం. వానాకాలంలో కంప్రెసర్ ట్యాంకు కింద డ్రెయిన్ కాక్ తిప్పి చూడు, ఎన్ని నీళ్లు పోతాయో. గాలిలో తేమ తీసే డ్రయ్యర్ సరిగా పనిచేయకపోతే ఆ నీళ్లే చల్లటి గదుల మీదుగా వెళ్లే ట్యూబుల్లో చేరతాయి. థర్మోస్టాట్ లోపల గాలి బయటికి పోయే రంధ్రం సూది మొనంత ఉంటుంది. ఒక్క చుక్క నీరు, కాస్త కంప్రెసర్ నూనె పడితే చాలు, అది మూసుకుపోతుంది. అందుకని ట్యూబు తగిలించే ముందు దాని నోటి దగ్గర తెల్లగుడ్డ పెట్టి నిమిషం పాటు గాలి వదులు. గుడ్డ తడిసినా పసుపు మరక పడినా పని ఆపెయ్. అది కంప్రెసర్ వాళ్ల డ్యూటీ కదా అనకు. గదికి సంతకం పెట్టేది నువ్వు.

ఇక నేను చేసింది చెబుతా. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

అప్పుడు నేనూ ఓ మందుల ఫ్యాక్టరీలోనే ఉన్నా. ఆ రోజు సోమవారం, పైడితల్లమ్మ పండగ తొలేళ్లు. తెల్లారితే సిరిమాను. సాయంత్రానికి విజయనగరం చేరిపోవాలని నా ప్రాణం బస్సు మీదే ఉంది. ఖాళీ క్యాప్సూళ్లు దాచే గదిలో థర్మోస్టాట్ పాడైందని పిలిచారు. ఆ గదికి వెళ్లే గాలిని తేమ పోయేదాకా బాగా చల్లబరిచి, మళ్లీ వేడినీళ్ల కాయిల్‌తో కాస్త వెచ్చబెడతారు. మంచు కురిసే దేశాల్లో వాల్వుకి వచ్చే గాలి ఒత్తిడి పోయినా కాయిల్ గడ్డకట్టకూడదని వేడినీళ్ల వాల్వు తెరుచుకునే రకం పెడతారు. ఆ గదిలో మాత్రం గాలి ఒత్తిడి పెరిగితే తెరుచుకుని, పోతే మూసుకునే రకం పెట్టారు. అలాంటి వాల్వుకి గది వేడెక్కేకొద్దీ ప్రెషర్ తగ్గించే రివర్స్ యాక్టింగ్ థర్మోస్టాట్ కావాలి. స్టోరులో నా చేతికి వచ్చింది డైరెక్ట్ యాక్టింగ్, అంటే వేడెక్కేకొద్దీ ప్రెషర్ పెంచేది. రెండింటికీ కవరు ఒకటే. లోపలి నంబరు నేను చదవలేదు.

డయల్‌ని గది వేడికి సరిపెట్టి, స్క్రూ తిప్పి, గేజీలో 8 పీఎస్ఐ చూసుకున్నా. అక్కడే మోసపోయా అమ్మలూ. ఆ ఒక్క క్షణంలో రెండు రకాలూ ఒకే అంకె చూపిస్తాయి. కవరు వేసి బస్సెక్కేశా. రాత్రి గది కాస్త వెచ్చబడింది, ప్రెషర్ పెరిగింది, వాల్వు ఇంకా తెరుచుకుంది, గది ఇంకా కాగింది.

బుధవారం వెళ్లేసరికి తలుపు తీస్తే పొయ్యి ముందు నిలబడ్డట్టే ఉంది. ఓ క్యాప్సూల్ తీసి వేళ్ల మధ్య నొక్కా. అప్పడం ముక్కలా చిట్లింది. సరుకంతా పారబోశారు. రాత్రి డ్యూటీలో ఉన్న హెల్పర్ కుర్రాడు, ఉద్దానం వైపువాడు, చూసుకోలేదని అప్పటికే పని మాన్పించేశారు. తప్పు నాదని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెప్పాక వాణ్ని మళ్లీ పిలుస్తామన్నారు. వాళ్ల ఊరు వెళ్లా. అప్పటికే చెన్నై రైలెక్కేశాడట. వాళ్లమ్మ నాకు కొబ్బరి బొండం కొట్టి ఇచ్చింది. నేనెవరో ఆమెకి చెప్పలేకపోయా.

అందుకే చెబుతున్నా. 8 రాగానే మురిసిపోకు. డయల్ పైకి తిప్పు, కిందికి తిప్పు, ముల్లు ఎటు వెళ్తుందో చూడు. మూసుకునే రకం వేడినీళ్ల వాల్వయితే పైకి తిప్పినప్పుడు ప్రెషర్ పెరగాలి. తర్వాత అరచేయి కవరు మీద కాసేపు ఉంచు. ముల్లు దిగాలి. నీ ఒంటి వేడి పోయేదాకా పది నిమిషాలు దూరంగా నిలబడి, మళ్లీ వచ్చి చూడు. వాల్వు దగ్గరికి కూడా వెళ్లి కాడ కదిలిందో లేదో చూసుకో. సూపర్‌వైజర్ తొందరపెడితే పెట్టనీ. బస్సు పోతే పోనీ, రాత్రయినా నేనొచ్చి తీసుకెళ్తా.

నా పాత గేజీ మీ అమ్మకిచ్చి పంపుతున్నా. ముల్లు సున్నా మీద సరిగ్గానే నిలుస్తోంది, నిన్ననే చూశా. మొదటి గది అయ్యాక ఫోన్ చెయ్. ముల్లు ఎటు కదిలిందో అదొక్కటి చెప్పు చాలు.

మీ మావయ్య