జర్మనీ పోలీసుల ఉత్తరం వచ్చింది, వెళ్లి నిజం చెప్పేస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జర్మనీలో చదువుకుంటూ ఇంటర్నెట్‌లో దొరికిన చిన్న ఉద్యోగంలో చేరారు. బ్యాంకు యాప్‌ను పరీక్షించడమే పని అని చెప్పి, వీడియో కాల్‌లో మీ పాస్‌పోర్టు చూపించమన్నారు. ఆ పరీక్ష పేరుతో నిజంగానే మీ పేరిట ఖాతా తెరిచారు. మోసపోయిన ఎవరి డబ్బో అందులోకి వచ్చి, మరెక్కడికో వెళ్లిపోయింది. ఇప్పుడు మనీలాండరింగ్ అనుమానంతో పోలీసులు రమ్మంటున్నారు. వెళ్లి జరిగింది చెప్పేస్తే పోతుందా, చాట్లు తుడిచేయాలా, వీసా ఏమవుతుంది అని అడిగారు.

నేను న్యాయవాదిని కాను. పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో, న్యాయవాదుల గదుల్లో మనవాళ్ల పక్కన దుబాసీగా కూర్చునే మనిషిని. వృత్తిపరంగా గోప్యత పాటించాలి కాబట్టి ఎవరి కేసూ చెప్పను. పదే పదే చూసిన తీరు మాత్రం చెబుతాను.

వెళ్లకండి. కనీసం ఫైలులో ఏముందో తెలియకముందు, ఒంటరిగా వెళ్లకండి.

ముందు ఉత్తరంలో మిమ్మల్ని ఏ హోదాలో పిలిచారో చూడండి. ‘బెషుల్డిగ్టర్’ అని ఉంటే మీరు అనుమానితులు. అనుమానితుడిని పోలీసులు పిలిస్తే హాజరు కావాల్సిన చట్టబద్ధమైన బాధ్యత లేదు. ప్రాసిక్యూటర్ గానీ న్యాయమూర్తి గానీ పిలిస్తే మాత్రం వెళ్లాలి. వెళ్లినా ఆరోపణ గురించి నోరు విప్పాల్సిన పనిలేదు. ‘ట్సాయ్‌గె’ అని ఉంటే మీరు సాక్షి, దాని లెక్క వేరు. ప్రాసిక్యూటర్ ఆదేశం మీద పోలీసులు పిలిచినప్పుడు సాక్షి హాజరు కావాల్సిందే. రమ్మనకుండా నింపి పంపమని ఫారం పంపితే పేరు, చిరునామా, పుట్టిన తేదీ లాంటి వివరాలు రాయండి. జరిగిన విషయం రాయమన్న భాగాన్ని ఖాళీగా వదిలేయండి.

ఇక్కడే మనవాళ్లకు మనసొప్పదు. పోలీసు పిలిస్తే వెళ్లకపోవడం తప్పు ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది. తప్పు చేయనివాడికి భయమెందుకని ఊరి నుంచి నాన్నగారు ఫోనులో అంటారు. జర్మన్ చట్టం అలా చూడదు. మీరు పూర్తిగా మౌనంగా ఉంటే, ఆ మౌనాన్ని మీకు వ్యతిరేకంగా వాడుకునే వీలు కోర్టుకు లేదు.

విచారణ గదిలో నేను చూసేది ఇది. అధికారి మర్యాదగానే ఉంటారు, కాఫీ కూడా ఇస్తారు. పది నిమిషాల్లో మన విద్యార్థి భయం తగ్గి, మంచితనంతో ఒక మాట అనేస్తాడు: ‘నాక్కూడా మధ్యలో కొంచెం అనుమానం వచ్చింది సార్, కానీ వాళ్లు పరవాలేదన్నారు.’ నేను దాన్ని ఉన్నదున్నట్టు అనువదించాలి, అనువదిస్తాను. కేసు అక్కడే మలుపు తిరుగుతుంది. జర్మన్ శిక్షాస్మృతి 261వ సెక్షన్‌లో తెలిసి చేసిన మనీలాండరింగ్‌కు జరిమానా లేదా 5 ఏళ్ల వరకు జైలు. తెలియకపోయినా, తెలిసి ఉండాల్సినంత స్పష్టంగా ఉన్నదాన్ని తీవ్ర నిర్లక్ష్యంతో పట్టించుకోకపోతే అదీ నేరమే, 2 ఏళ్ల వరకు. అంటే మీ కేసులో అసలు ప్రశ్న మీకు అనుమానం వచ్చిందా, రావాల్సిందా అన్నదే. దానికి మీరే జవాబు చెప్పి, కింద సంతకం పెట్టి వస్తున్నారు. ఆ మాటను తరువాత ఏ న్యాయవాదీ వెనక్కి తీసుకురాలేడు.

ఉద్దేశం మంచిదైతే కోర్టు అర్థం చేసుకుంటుందన్న నమ్మకం మన ఐటీ వాళ్లలో మరీ ఎక్కువ. వాళ్ల కోసం ఒక్కమాట. 2021లో ఒక ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్ ఒక సాఫ్ట్‌వేర్‌లో పాస్‌వర్డు పైకే కనిపిస్తోందని, లక్షల మంది కొనుగోలుదారుల సమాచారం బయటపడిందని గుర్తించి తెలియజేశాడు. 2024 జనవరిలో యూలిష్ కోర్టు అతనికే 3,000 యూరోల జరిమానా వేసింది. ఆ ఏడాదే ఆహెన్ కోర్టు అప్పీలులో దాన్ని సమర్థించింది. నాకు ఆ తీర్పు నచ్చలేదు. కానీ మంచి ఉద్దేశం మీద భారం వేసి విచారణకు వెళ్లేవాళ్లు దాన్ని తెలుసుకోవాలి.

మరి ఏం చేయాలి? క్రిమినల్ కేసులు చేసే న్యాయవాదిని పట్టుకోండి. పేరు పక్కన ‘ఫాఖాన్‌వాల్ట్ ఫ్యూర్ స్ట్రాఫ్‌రెష్ట్’ అని ఉంటే ఆ రంగంలో ప్రత్యేక అర్హత ఉన్నవారని అర్థం. ఆయన చేసే మొదటి పని రెండు వాక్యాల లేఖ: నా కక్షిదారు విచారణకు రారు, ఫైలు చూపించండి. ఫైలు చూసే హక్కు జర్మన్ నేర విచారణ ప్రక్రియా చట్టం 147వ సెక్షన్ ఇస్తుంది. రావడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. ఆ ఎదురుచూపు నరకమే, కానీ మీ రక్షణ చాలావరకు ఆ ఫైలులోనే ఉంటుంది. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఈమెయిల్ ఎవరిది, ఫోను నంబరు ఎవరిది, డబ్బు పంపినప్పుడు లాగిన్ అయిన ఐపీ అడ్రసు ఏది, ఏ పరికరం అన్నవి బ్యాంకు నుంచి వచ్చిన కాగితాల్లో కనిపించవచ్చు. ఆ నంబరూ ఆ ఐపీ మీవి కాకపోతే మీరు చెప్పాల్సినదాన్ని ఆ కాగితాలే చెబుతాయి. ఫైలు చదివాక అవసరమైతే న్యాయవాది మీ తరఫున రాతపూర్వకంగా వివరణ ఇస్తారు. నేను చూసినంతలో అలాంటి రెండు పేజీల వివరణకు ఉండే విలువ రెండు గంటల మౌఖిక విచారణకు ఉండదు.

ఒక చిక్కుంది. ఐపీ అడ్రసు ఏ ఇంటి కనెక్షన్‌దో చెప్పే సమాచారం టెలికం కంపెనీల దగ్గర ఎక్కువ రోజులు నిలవదు. కారణం లేకుండా అందరి టెలికం డేటానూ నిల్వ చేయాలని నిర్బంధించిన జర్మన్ చట్టం ఐరోపా చట్టానికి విరుద్ధమని 2022 సెప్టెంబరులో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. పౌరుల గోప్యతకు మంచిదే. కానీ అసలు మోసగాడిని చూపించే ఆధారం కూడా అలాగే మాయం కావచ్చు. అందుకే మీ దగ్గరున్నది మీరు కాపాడుకోవాలి.

అంటే చాట్లు తుడవకండి. మీకు ఉద్యోగం ఇచ్చినవాడి ప్రకటన, సందేశాలు, పంపిన ‘కాంట్రాక్టు’, ఈమెయిళ్లు, తేదీలు, నంబర్లు కనిపించేలా నకళ్లు తీసి వేరే చోట పెట్టండి. మిమ్మల్ని నమ్మించిన తీరు కనిపించేది అందులోనే. సాక్ష్యాలు చెరిపేస్తున్నారన్న అనుమానం అరెస్టుకు, రిమాండుకు చట్టం గుర్తించిన కారణాల్లో ఒకటి కూడా. వాడితో మళ్లీ మాట్లాడి నిజం రాబట్టే ప్రయత్నాలు కూడా వద్దు.

ఒకవేళ ఇంటికే సోదాకు వస్తే తలుపుకు అడ్డం పడకండి. న్యాయమూర్తి ఆదేశం చూపించమని అడిగి, నకలు తీసుకోండి. ఫోను, లాప్‌టాప్ తీసుకెళ్తే జాబితా అడగండి. స్వచ్ఛందంగా ఇస్తున్నట్టు ఒప్పుకోకండి, అభ్యంతరం ఉందని నమోదు చేయించండి. అప్పుడే ఆ స్వాధీనాన్ని న్యాయమూర్తి పరిశీలించే దారి సులువవుతుంది. పిన్ చెప్పమంటే చెప్పాల్సిన బాధ్యత లేదు. వేలిముద్ర సంగతి వేరు. న్యాయమూర్తి సోదా ఆదేశం ఫోన్ల కోసమే ఇచ్చి ఉండి, కేసు తీవ్రతకు తగినట్టుంటే, నిందితుడి వేలిని బలవంతంగా పెట్టించి ఫోను తెరవవచ్చని 2025 మార్చిలో జర్మన్ సుప్రీంకోర్టు అంది. తలలోని పిన్‌కు రక్షణ ఉండి చేతి వేలికి లేకపోవడం నాకు వింతగానే ఉంటుంది, కానీ ప్రస్తుతానికి ఉన్నది అదే. తీసుకెళ్లిన పరికరాలు నెలల తరబడి తిరిగి రావు. థీసిస్ అందులోనే ఉందని ఏడ్చినవాళ్లను చూశాను, కాబట్టి ఈ రోజే వేరే చోట భద్రపరచుకోండి.

ఇక కోర్టు ఉత్తర్వు వచ్చే పసుపు కవరు గురించి. చాలా కేసులు విచారణ లేకుండానే కోర్టు పంపే శిక్షా ఉత్తర్వుతో ముగుస్తాయి, దాన్ని ‘స్ట్రాఫ్‌బెఫేల్’ అంటారు. కవరు మీద తపాలా మనిషి రాసిన తేదీ నుంచి 2 వారాల్లో అభ్యంతరం చేరాలి. లేదంటే అది తీర్పుతో సమానం. మీరు సెలవులకు హైదరాబాద్ వెళ్లి ఉన్నా సరే, కవరు డబ్బాలో పడితే లెక్క మొదలవుతుంది (మీ తప్పు లేకుండా గడువు దాటిందని నిరూపించి పునరుద్ధరణ అడిగే వీలుంది గానీ, దాని మీద ఆధారపడవద్దు). అభ్యంతరాన్ని మామూలు ఈమెయిల్‌లో పంపితే చెల్లదు. సంతకం చేసిన ఉత్తరం, ఫ్యాక్స్, లేదా స్వయంగా కోర్టు కార్యాలయానికి వెళ్లి నమోదు చేయించడం. బ్యాంకు ఖాతా వీడియో కాల్‌లో తెరిచే దేశంలో ఫ్యాక్స్ ఇంకా చెల్లుతుంది! జర్మన్ రానివారికి ఆ ఉత్తర్వు అనువాదం ఇవ్వాలి, దుబాసీ ఖర్చు కూడా మీ మీద పడకూడదు. ఆ ఉత్తర్వు వచ్చినంత మాత్రాన కట్టేసి పీడ వదిలించుకుందామని తొందరపడవద్దు. అది శిక్షే. జరిమానాను ఇక్కడ రోజుల ఆదాయం లెక్కన వేస్తారు. 90 రోజుల లెక్క వరకు ఉన్న మొదటి జరిమానా సాధారణంగా ఉద్యోగానికి చూపించే నడవడి పత్రంలో కనిపించదు, కానీ అధికారుల రికార్డులో ఉంటుంది. దానికన్నా, ఆధారం చాలక కేసు మూసేయించడమో, కొంత మొత్తం కట్టి శిక్ష లేకుండా అదే ప్రక్రియా చట్టం 153ఎ సెక్షన్ కింద ముగించడమో మేలు. న్యాయవాది మొదటి నుంచే ఉంటే ఆ దారులు తెరుచుకునే అవకాశం ఎక్కువ.

వీసా: దర్యాప్తు నడుస్తుండగా పొడిగింపుకు దరఖాస్తు చేస్తే, కేసు ఫలితంతో సంబంధం లేకుండా నిర్ణయించగలిగితే తప్ప, కేసు తేలేవరకు నిర్ణయం ఆపాలని నివాస చట్టం 79వ సెక్షన్ చెబుతుంది. పాత పర్మిట్ గడువు ముగిసేలోపు దరఖాస్తు పెట్టి తాత్కాలిక పత్రం తీసుకోండి. మీ గడువు ఎప్పుడో న్యాయవాదికి మొదటి రోజే చెప్పండి.

డబ్బు లేదని రాశారు. జర్మనీలో పేదరికం కారణంగా కోర్టు న్యాయవాదిని ఇవ్వదు. కేసు తీవ్రమైనదైతేనో, రిమాండులో ఉంటేనో ఇస్తారు. అయితే మీ ప్రాంతపు ఆమ్ట్స్‌గెరిష్ట్‌కు (స్థానిక కోర్టుకు) వెళ్లి ఆదాయం, బ్యాంకు కాగితాలు చూపించి సలహా సహాయపత్రం అడగవచ్చు. దానితో న్యాయవాదికి మీరు ఇచ్చేది 15 యూరోలు. క్రిమినల్ విషయాల్లో అది సలహాకే వర్తిస్తుంది, వాదనకు కాదు. ఆ తరువాతి పనికి ఫీజు ఎంతో ముందే రాతపూర్వకంగా అడగండి, వాయిదాల్లో తీసుకునేవాళ్లు ఉన్నారు. ఉత్తరంలో ఇచ్చిన విచారణ తేదీకి ముందే ఆ పత్రం చేతికి వచ్చేలా చూసుకోండి.